బాటనీ అనే మాట ఎవరిది? మేత నుంచి మన్యం దాకా ఒక మాట ప్రయాణం



మన గ్రూపులో పోడు పట్టాల మీద, ఉద్యోగాల మీద, కొమురం భీం మీద, మన పండుగల మీద ఎన్నో మంచి పోస్టులు వచ్చాయి. ఈసారి మేం ఒకే ఒక్క ఇంగ్లీషు మాట చరిత్ర రాస్తున్నాం. ఆ మాట బాటనీ.

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న ప్రతి ఒక్కరం రికార్డు బుక్కు అట్ట మీద ఈ మాట రాసినోళ్ళమే. డిగ్రీలో బీజెడ్‌సీ అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. హాస్టల్‌కి కొత్తగా వచ్చిన తమ్ముణ్ణి "ఏం చదువుతున్నావురా" అని అడిగితే "బాటనీ అన్నా" అంటాడు. బాటనీ సార్, బాటనీ మేడమ్, బాటనీ ల్యాబ్, బాటనీ టూర్ అని రోజుకు పదిసార్లు అనుకుంటాం. శివ సినిమా చూసినోళ్ళకైతే కాలేజీ పిల్లలు ఎగ్గొట్టే క్లాసు పేరుగా కూడా ఈ మాట తెలుసు. కానీ ఈ మాట ఎక్కడ పుట్టింది, దాని అసలు అర్థం ఏంటి, అది మన కొండల్లోకి ఎప్పుడొచ్చింది, వచ్చి ఏం తీసుకెళ్ళింది, ఏం ఇచ్చింది అనేది సిలబస్‌లో లేదు. ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్ళం మనం. మనం చదివే సబ్జెక్టు పేరు సంగతి మనమే వెతుక్కోవాలి. పొడుగు పోస్టే, ఓపికగా చదవండి.

1. మాట పుట్టింది పశువుల మేత దగ్గర

పాత గ్రీకు భాషలో ‘బొటానే’ అనే మాట ఉంది. గడ్డి, మేత, పచ్చిక అని దానికి అర్థం. దాని వెనక ‘బొస్కైన్’ అనే క్రియ ఉంది. మేపడం అని అర్థం. ఇంత పెద్ద చదువు పేరుకు వేరు ఎక్కడుందంటే పశువుల కాపరి దగ్గర ఉంది. ఏ గడ్డి తింటే ఆవు పాలు బాగా ఇస్తుంది, ఏ ఆకు తింటే మేక కడుపు ఉబ్బి పడిపోతుంది అని తెలిసినోడి తెలివికే మొదట ఆ మాట దగ్గర. మన ఊళ్ళల్లో బడికి పోకముందే పశువులు కాసిన పిల్లలందరికీ ఇది తెలిసిన సంగతే.

మన పాఠ్యపుస్తకాల్లో బాటనీకి తండ్రి అని థియోఫ్రాస్టస్ పేరు ఉంటుంది. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దపు మనిషి, అరిస్టాటిల్ శిష్యుడు. మొక్కల మీద పెద్ద గ్రంథం రాశాడు. అలెగ్జాండర్ సైన్యంతో ఇటువైపు వచ్చినోళ్ళు చెప్పిన మాటలు విని మన మర్రిచెట్టు గురించి, పత్తి గురించి కూడా రాశాడు. మరి మందుమొక్కల సంగతి ఆయనకు ఎవరు చెప్పారు? ఆ కాలంలో గ్రీసులో ‘రైజోటొమోయ్’ అనేవాళ్ళు ఉండేవాళ్ళు. వేళ్ళు కోసేవాళ్ళు అని అర్థం. కొండలెక్కి వేళ్ళు తవ్వి మందులకు అమ్మేవాళ్ళు. థియోఫ్రాస్టస్ తన గ్రంథంలో వాళ్ళ మాటలు రాసుకున్నాడు. ఫలానా వేరు రాత్రిపూటే తవ్వాలి, ఫలానాది తవ్వేముందు చుట్టూ కత్తితో గీత గీయాలి అని వాళ్ళు అనేదాన్ని కూడా రాసి, అందులో కొంత అతిగా ఉందని తేల్చేశాడు. తండ్రి అనే పేరు ఆయనకు మిగిలింది. వేళ్ళు తవ్వినవాళ్ళు గుంపుగానే మిగిలిపోయారు.

మన ఊళ్ళో నాటుమందు ఇచ్చే పెద్దాయన వేరు తవ్వేముందు చెట్టుకు దండం పెట్టడం, ఫలానా రోజు ఫలానా వైపు వేరే తీయడం మనం చూసిందే. అది చూసి నవ్వేవాళ్ళనూ చూశాం. ఈ కథ చాలా పాతదని చెప్పడానికే ఇది రాశాం.

2. ఇంగ్లీషులోకి ఎట్లా వచ్చింది

చాలా కాలం ఐరోపాలో మొక్కల చదువు వైద్యంలో ఒక ముక్క మాత్రమే. ఇటలీలోని పాదువాలో 1545లో విశ్వవిద్యాలయం తోట పెట్టింది కూడా వైద్యం చదివేవాళ్ళకు మందుమొక్కలు గుర్తుపట్టడం నేర్పడానికే. ‘బొటానిక్’ అనే మాట గ్రీకు నుంచి లాటిన్, ఫ్రెంచి మీదుగా 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ శతాబ్దం చివర ‘బాటనీ’ అనే రూపం స్థిరపడింది. మన వేమన కాలానికి అటూ ఇటూగా అనుకోండి. ఇంగ్లీషు వాళ్ళకు కూడా ఇది పుట్టుమాట కాదు, అరువు మాటే.

ఇంగ్లీషులో ఈ మాటకు మూడు వాడుకలు ఉన్నాయి. ఒకటి, మొక్కల శాస్త్రం. రెండు, ఒక ప్రాంతంలో ఉన్న మొక్కలన్నీ కలిపి ఆ ప్రాంతం బాటనీ అంటారు. మూడు, ఒక్క మొక్క పుట్టుక, పెరుగుదల, లక్షణాలు కలిపి దాని బాటనీ అంటారు. పత్తి బాటనీ, వరి బాటనీ అన్నట్టు. మనం తెలుగులో మొదటిదాన్నే వాడతాం.

1753లో స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్ ప్రతి మొక్కకు రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని ఒక పెద్ద పుస్తకంలో స్థిరపరిచాడు. మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. మనం పరీక్షల్లో అండర్‌లైన్ చేసి రాసే పేర్లు ఇవే. అప్పటినుంచి బాటనీ వైద్యం చేయి వదిలి సొంత కాళ్ళ మీద నిలబడింది. సరిగ్గా అదే కాలంలో ఐరోపా ఓడలు ప్రపంచం మీద పడ్డాయి. మొక్కల పేర్లు పెట్టేవాళ్ళు కూడా ఆ ఓడల్లోనే వెళ్ళారు.

3. ఒక తీరానికి బాటనీ అని పేరు పెట్టిన రోజు

1770 ఏప్రిల్‌లో కెప్టెన్ కుక్ ఓడ ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఒక అఖాతంలో ఆగింది. ఓడలో జోసెఫ్ బ్యాంక్స్ అనే డబ్బున్న ఇంగ్లీషు యువకుడు, లిన్నేయస్ శిష్యుడు సొలాండర్ ఉన్నారు. ఆ ఒడ్డు గ్వీగల్ అనే ఆదివాసీల నేల. వాళ్ళ మాటలో ఆ చోటు పేరు కామే. పడవలు ఒడ్డుకు వస్తుంటే ఇద్దరు గ్వీగల్ మనుషులు ఈటెలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. పడవలో నుంచి తుపాకులు పేలాయి. తెల్లవాళ్ళు దిగారు.

దిగినాక బ్యాంక్స్, సొలాండర్ కట్టలు కట్టలుగా కొత్త మొక్కలు సేకరించారు. కుక్ మొదట అక్కడ దొరికిన టేకు చేపల పేరు మీద ఆ చోటును పిలిచాడు. తర్వాత ఇన్ని మొక్కలు దొరికాయని ఆ పేరు మార్చి బాటనీ బే అని రాశాడు. 1779లో ఇంగ్లండులో ఖైదీలను ఎక్కడికి పంపాలనే ప్రశ్న వచ్చింది. పార్లమెంటు కమిటీ ముందు బ్యాంక్స్ బాటనీ బే బాగుంటుందని చెప్పాడు. 1788 జనవరిలో ఖైదీల ఓడలు అక్కడికే వచ్చి, నీళ్ళూ నేలా అనుకూలంగా లేవని పక్కనే ఉన్న ఇంకో అఖాతానికి మారాయి. ఇవాళ్టి సిడ్నీ అదే. అప్పటినుంచి ఇంగ్లీషు వాళ్ళ నోట బాటనీ బే అంటే దేశాంతర శిక్ష అనే అర్థం కూడా వచ్చింది.

మొక్కల శాస్త్రం అనే మాట కాస్తా ఒక జాతి నేల పేరు మీద కూర్చుంది. ఆ నేల ఎవరిదీ కాదనే చట్టపు అబద్ధాన్ని ఆస్ట్రేలియా సుప్రీం స్థాయి కోర్టు 1992లో మాబో కేసులో కొట్టేసింది. ఇవాళ అక్కడి జాతీయ ఉద్యానం పేరు కామే బాటనీ బే. పాత పేరు ముందు, బాటనీ తర్వాత. ఈ వరస గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

4. సామర్లకోట తోట, మన కొండల చెట్లు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. లిన్నేయస్ శిష్యుల్లో యోహాన్ కోనిగ్ అనే ఆయన 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీకి మొక్కలు చూసిపెట్టే ఉద్యోగంలో చేరి, 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో చనిపోయాడు. ఆయనకు తెలిసిన స్కాట్లండు డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ అప్పటికే సామర్లకోటలో ఉన్నాడు. కంపెనీ సైన్యానికి డాక్టరు, కానీ మనసంతా మొక్కల మీదే. అక్కడ తోట పెట్టి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు లాంటివి పండుతాయేమో పరీక్షించాడు. కంపెనీకి కావలసింది లాభం. ఏ చెట్టు కలప ఓడకు పనికొస్తుంది, ఏ బెరడు జ్వరానికి పనికొస్తుంది, ఏ ఆకు రంగుకు పనికొస్తుంది అని లెక్క.

రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించాడు. ఆయన గీయించిన బొమ్మలు 2500కు పైనే. వాటిలోంచి 300 ఎంచి కోరమండల్ తీరపు మొక్కలు అనే పేరుతో లండన్‌లో 1795 నుంచి మూడు పెద్ద సంపుటాలు అచ్చేశారు. ఆ అచ్చు పనికి పెద్దదిక్కు ఎవరో తెలుసా? బాటనీ బే బ్యాంక్సే. కామే ఒడ్డునూ సామర్లకోట తోటనూ కలిపిన చేయి ఒకటే. బొమ్మలు గీసిన మన చేతుల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో అచ్చు కాలేదు.

సర్కారు కొండల చెట్టు అని ఆయన రాసిన చోట్ల ఆ కొండలు ఎవరివి? కోయల, కొండరెడ్ల ఊళ్ళున్న కొండలవి. ఆయన పుస్తకాల్లో చాలా చెట్ల పక్కన తెలుగు పేరు కూడా ఉంటుంది. పేరు చెప్పిన మనిషి ఉండడు.

ఇప్పుడు మనకు తెలిసిన చెట్ల శాస్త్రీయ నామాలు విప్పి చూద్దాం.

మోదుగ. బ్యూటియా మోనోస్పెర్మా. బ్యూటియా అంటే బ్యూట్ ప్రభువు, 1762లో ఇంగ్లండు ప్రధానమంత్రి అయిన ఆయన. మొక్కలంటే ఇష్టమున్న పెద్దమనిషి, నిజమే. మోదుగ పువ్వు మన అడవిలో మంట పెట్టినట్టు పూసేది ఆయన ఏనాడూ చూడలేదు.

అడ్డాకు. పెళ్ళికైనా దినానికైనా మన విస్తరి. దాని పేరు బౌహీనియా వాహ్లీ. బౌహిన్ అనేది ఇద్దరు అన్నదమ్ముల ఇంటిపేరు. స్విట్జర్లండులోని బాసెల్‌కు చెందిన వృక్షశాస్త్రజ్ఞులు. ఆకు రెండు చీలికలుగా ఉంటుంది కాబట్టి ఇద్దరు అన్నదమ్ములకు సరిపోయిందని లిన్నేయస్ అన్నాడు. వాహ్ల్ డెన్మార్కు ఆయన. ఒక్క ఆకు మీద ముగ్గురు విదేశీయులు! ఈ మధ్య శాస్త్రజ్ఞులు ఆ తీగను ఫనేరా అనే ప్రజాతిలోకి మార్చారు కూడా.

తునికి. డయోస్పైరోస్ మెలనోజైలాన్. రెండో మాటకు నల్ల కలప అని అర్థం. రాక్స్‌బర్గ్ పెట్టిన పేరే. మనకు తునికి అంటే వేసవిలో ఆకు, చేతినిండా పండు. కంపెనీ డాక్టరు కంటికి కనబడింది లోపలి నల్ల చేవ. చూసినోడి అవసరం ఏంటో పేరు చెబుతుంది.

తపసి. చెంచు అన్నలు బంక తీసే చెట్టు. స్టెర్క్యూలియా యూరెన్స్. స్టెర్క్యూలియస్ అంటే రోమన్లకు పేడ దేవుడు. ఆ ప్రజాతిలో ఒక చెట్టు పువ్వు కంపు కొడుతుందని గుంపు మొత్తానికి ఆ పేరు వచ్చిపడింది. నవ్వొస్తుంది గానీ అదే నిజం.

సాల చెట్టు, కొందరు గుగ్గిలం చెట్టంటారు. షోరియా రోబస్టా. షోర్ అంటే జాన్ షోర్, 1793 నుంచి 1798 దాకా కంపెనీ గవర్నర్ జనరల్. బెంగాల్ భూమి శిస్తు బందోబస్తు తయారీలో పెద్ద చేయి ఉన్నవాడు. సంతాల్ సోదరులు ఆ చెట్టును సార్జోమ్ అంటారు. జార్ఖండ్‌లో సర్హుల్ పండుగ దాని పువ్వు లేనిదే జరగదు. జమీందార్లు, వడ్డీ వ్యాపారులు, కంపెనీ కలిసి నేల లాక్కుంటే 1855లో సంతాల్ జనం హూల్ అని తిరగబడ్డారు. వాళ్ళ పవిత్ర చెట్టు మీద శిస్తు లెక్కలు కట్టిన దొర పేరు ఇవాళ్టికీ ఉంది.

ఇక ఒక్క చెట్టు కథ వేరు. సోమిద. సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది. కంపెనీ సిపాయిలు చలిజ్వరంతో పడిపోతుంటే దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడుకు బదులు దొరుకుతుందా అని రాక్స్‌బర్గ్ ఈ చెట్టు బెరడును పరీక్షించాడు. రాజమండ్రి సర్కారు కొండల చెట్టు ఇది. ఆయన వేరే ప్రజాతిలో పెట్టాడు. తర్వాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూస్యూ దీనికి వేరే ప్రజాతి కావాలని, మన నోటి పేరునే తీసుకుని సోయ్‌మిడా అన్నాడు. ప్రపంచంలో ఏ దేశంలో రాసినా ఆ చెట్టు ఇంటిపేరు మన మాటే. ఇట్లా జరగడానికి వీలుందని తెలియడం కోసమైనా సోమిదను గుర్తుపెట్టుకోవాలి.

5. పేరు రాసినవాళ్ళూ ఉన్నారు

అన్నిచోట్లా చెప్పినవాళ్ళ పేరు పోయిందనుకోవద్దు. రాక్స్‌బర్గ్‌కు నూరేళ్ళ ముందు కేరళలో డచ్చి గవర్నరు వాన్ రీడ్ మలబారు మొక్కల మీద హోర్టస్ మలబారికస్ అని 12 సంపుటాలు చేయించాడు. 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. అందులో ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు తన ఇంటి తాళపత్రాల్లోని జ్ఞానం చెప్పాడు. ఆయన సంతకంతో రాసిచ్చిన మాట మొదటి సంపుటంలోనే అచ్చయింది. కాబట్టి మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆయన ఎవరో మనకు తెలుసు. ఆ కాలంలో అంటరానితనం మోసిన కులం మనిషి ఆయన. రాయాలనుకుంటే పేరు రాయొచ్చు. రాయకపోవడం ఒక అలవాటు, అంతే.

6. తెలుగులో వృక్షశాస్త్రం అన్నాం, సరిపోయిందా?

తెలుగు మీడియంలో బాటనీని వృక్షశాస్త్రం అంటాం. వృక్షం సంస్కృతం, శాస్త్రం సంస్కృతం. తమాషా చూడండి. గ్రీకువాడి మాటలో ఉన్నది గడ్డి. మన అనువాదంలో ఉన్నది చెట్టు. మరి గడ్డి, తీగ, నాచు ఎక్కడ పోవాలి? ఇంగ్లీషులోనూ ఇదే తంటా వచ్చింది. పుట్టగొడుగులను కూడా చాలా కాలం బాటనీలోనే చదివేవాళ్ళు. అవి మొక్కలు కావని తేలాక మాట ఇరుకైపోయింది. 2011లో మెల్‌బోర్న్ మహాసభలో, పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమావళి పేరులోంచే బొటానికల్ అనే మాట తీసేశారు. ఇప్పుడది శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల నియమావళి. కొత్త మొక్క వివరణ లాటిన్‌లోనే రాయాలనే షరతు కూడా 2012 నుంచి పోయింది, ఇంగ్లీషులో రాయొచ్చు. కొన్ని యూనివర్సిటీల్లో డిపార్టుమెంటు పేరే ప్లాంట్ సైన్సెస్ అయింది. రాతిమీద చెక్కిన మాట అనుకున్నది కూడా మారుతూనే ఉంది.

మన భాషల్లో? గోండీలో చెట్టు మరా, పువ్వు పుంగార్. కోయ, కొలామి, కువి, సవర భాషల్లో చెట్టుకు, తీగకు, దుంపకు, ఆకుకూరకు వేరువేరు మాటలు ఉన్నాయి. కానీ మొత్తం చదువుకు ఒక్క మాట అంటూ మనోళ్ళు కట్టుకోలేదు. ఎందుకంటే అది వేరే గదిలో కూర్చుని చదివే చదువు కాదు. కూర వండడం, మందు ఇవ్వడం, విత్తనం దాచడం, దేవతకు మొక్కడం అన్నిట్లో కలిసి ఉంది.

మాట లేదు కాబట్టి శాస్త్రం లేదని ఎవరైనా అంటే ఈ రెండు ఉదాహరణలు చెప్పండి. ఉసిరి పెద్ద చెట్టు. నేల ఉసిరి జానెడు మొక్క. చూస్తే సంబంధమే ఉండదు. కానీ మన పెద్దలు రెండింటికీ ఒకే ఇంటిపేరు పెట్టారు. లిన్నేయస్ కూడా 1753లో రెండింటినీ ఫిల్లాంథస్ అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. అట్లాగే నల్లమద్ది, తెల్లమద్ది. రెండూ టెర్మినేలియా ప్రజాతే. రెండు మాటల పేరు పెట్టడం స్వీడన్‌లో ఒక్కచోటే పుట్టిన తెలివి కాదు. ముందు మాట రకం చెబుతుంది, వెనక మాట ఇంటిపేరు చెబుతుంది. మనది అటు తిరిగి ఉంది, అంతే తేడా.

అట్లాగని అంతా మన దగ్గరే ఉంది, బాటనీ దండగ అంటే అదీ తప్పే. తంగేడు, కొండతంగేడు పేర్లు చూస్తే ఒకే ప్రజాతి అనిపిస్తాయి, కావు. ఒకే మొక్కకు ఊరికో పేరు ఉంటుంది, ఒకే పేరు రెండు మొక్కలకు ఉంటుంది. మందు విషయంలో అది ప్రాణం మీదికి వస్తుంది. ముష్టి గింజ విషం. చిల్లగింజ అరగదీసి మురికి నీళ్ళలో కలిపితే నీళ్ళు తేటపడతాయి. రెండూ స్ట్రిక్నోస్ అనే ఒకే ప్రజాతి అని బాటనీ చెబుతుంది. ఏది విషమో ఏది తేటదో అవ్వ చెబుతుంది. ఇద్దరి మాటా కావాలి. ప్రపంచం మొత్తానికి ఒక మొక్కకు ఒక పేరు ఉండటం బాటనీ మనకిచ్చిన మేలు. దాన్ని కాదనం.

7. మనదానికి ముందు ‘ఎత్నో’ ఎందుకు?

1895లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో హార్ష్‌బర్గర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక కొత్త మాట వాడాడు. ఎత్నోబాటనీ. ఆదివాసీలు మొక్కలను ఎట్లా వాడతారో చదివే చదువు అని అర్థం చెప్పాడు. అప్పటినుంచి మన జ్ఞానానికి యూనివర్సిటీలో ఒక కుర్చీ దొరికింది. కానీ కుర్చీ వేరే గదిలో వేశారు. థియోఫ్రాస్టస్ విని రాసింది బాటనీ. మన తాత చెప్పింది ఎత్నోబాటనీ. గ్రీకు కాపరి కూడా ఒక జాతి మనిషే కదా!

ఈ మాట వల్ల మంచి కూడా జరిగింది. కేరళలో పుట్టిన జానకి అమ్మాళ్ వెనుకబడిన కులం నుంచి వచ్చి పెద్ద వృక్షశాస్త్రజ్ఞురాలయింది. ఆదివాసీల మొక్కల జ్ఞానాన్ని గౌరవంగా చూడాలని చెప్పింది. ఎస్.కె. జైన్ మన దేశంలో ఈ చదువుకు పునాది వేశాడు. వాళ్ళు రాయకపోతే చాలా సంగతులు పెద్దలతోపాటు మట్టిలో కలిసిపోయేవి.

కానీ రాసినాక లాభం ఎవరికి అనేది అసలు ప్రశ్న. 1987లో కేరళలోని అగస్త్యమలై కొండల్లో శాస్త్రజ్ఞులు తిరుగుతున్నారు. దారి చూపే కాణి యువకులు ఏవో చిన్న కాయలు నములుతూ అలసట లేకుండా నడుస్తున్నారు. అడిగితే మొదట చెప్పలేదు. తర్వాత చూపించారు. ఆరోగ్యపచ్చ అనే మొక్క. శాస్త్రీయ నామం ట్రైకోపస్ జైలానికస్. పేరులో సిలోను ఉంది, కాణి లేదు. తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ దానితో జీవని అనే మందు చేసి 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయలకు లైసెన్సు ఇచ్చింది. అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ. వచ్చినదాంట్లో సగం కాణి సమాజానికి ఇవ్వాలని ఒప్పుకుని, 1997లో వాళ్ళ పేరు మీద ట్రస్టు ఏర్పాటైంది. పంచడంలో గొడవలు లేకపోలేదు. అడవిశాఖతో మొక్క పెంచే విషయంలో చిక్కులూ వచ్చాయి. అయినా చెప్పినవాళ్ళకు వాటా అనే మాట దేశంలో అక్కడినుంచి గట్టిగా వినబడింది.

ఇప్పుడు మన చేతిలో రెండు చట్టాలు ఉన్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, అది ప్రజలతో కూర్చుని జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) ప్రకారం జీవవైవిధ్యానికి సంబంధించిన మన సంప్రదాయ జ్ఞానం మీద మన సముదాయానికి హక్కు ఉంది. పట్టా గురించి మాట్లాడినంతగా ఈ సెక్షన్ గురించి మనం మాట్లాడటం లేదు.

8. మనం ఏం చేయొచ్చు

పేరు అంటే వట్టి పేరే కదా అనుకోవద్దు. 2024లో మాడ్రిడ్‌లో ప్రపంచ వృక్షశాస్త్రజ్ఞుల మహాసభ జరిగింది. ఆఫ్రికా నల్లజాతి మనుషులను తిట్టే ఒక మాట 200కు పైగా మొక్కల పేర్లలో ఉండేది. ఓటు పెట్టి ఆ మాటను మార్చాలని తీర్మానించారు. అడిగినోళ్ళు ఎవరు? ఆఫ్రికాలో బాటనీ చదువుకున్నవాళ్ళు ముందుండి అడిగారు. లోపల కూర్చున్నోళ్ళు ఉంటేనే మార్పు వస్తుంది. అందుకే బాటనీ సీటు వచ్చిన చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఇది వట్టి ఆకుల సబ్జెక్టు, ఉద్యోగం రాదని చిన్నబుచ్చుకోవద్దు. ఈ గదిలో మన మనిషి ఉండటం అవసరం.

మా హాస్టల్ బ్యాచ్ ఈ సంవత్సరం ఒక పని మొదలుపెట్టింది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఒక్కొక్కరం పది మొక్కలు రాసుకొస్తున్నాం. మన భాషలో పేరు, తెలుగు పేరు, శాస్త్రీయ నామం, ఏ కాలంలో పూస్తుంది, దేనికి వాడతారు. ఆఖర్న ఒక గడి తప్పనిసరి. చెప్పినవారి పేరు, ఊరు. హెర్బేరియం షీటు మీద సేకరించినవాడి పేరు ఉంటుంది, చెప్పినవారి పేరు చాలాసార్లు ఉండదు. మన పుస్తకంలో ఉంటుంది. అయితే రెండు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, పెద్దలు వద్దన్న మందు సంగతి రాయం. రెండు, ఆ పుస్తకం ఫొటోలు తీసి బయట గ్రూపుల్లో పెట్టం. ఊరి గ్రామసభ చూశాకే ఏదైనా.

భాష పోతే మొక్క కూడా సగం పోతుంది. ఆశ్రమ పాఠశాలల్లో చిన్నప్పుడే చేరిన మనలో చాలామందికి ఇప్పుడు ఇరవై చెట్ల పేర్లు మన భాషలో రావు. శాస్త్రీయ నామాలు మాత్రం గడగడా చెబుతాం. దీనికి సిగ్గుపడి కూర్చుంటే లాభం లేదు. పేరు తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఉన్నప్పుడే అడగాలి. కామే బాటనీ బే అన్నట్టుగా మన పేరు ముందు, బాటనీ పేరు తర్వాత రాసుకుంటే చాలు. రెండూ ఉండాలి. వరస మాత్రం మనది.

ఇక మీ వంతు. మోదుగ, అడ్డాకు, తునికి, ఇప్ప, సోమిద. ఈ అయిదింటికి కోయలో, గోండీలో, కొలామిలో, సవరలో, కువిలో, గోర్‌బోలిలో, చెంచు అన్నల మాటలో ఏమంటారో కింద కామెంట్లలో రాయండి. ఏ ఊళ్ళో అట్లా అంటారో కూడా రాయండి. తెలియకపోతే ఇవాళ రాత్రే ఇంటికి ఫోన్ చేసి అవ్వను అడగండి. తప్పుగా ఎక్కడైనా రాసి ఉంటే పెద్దలు సరిదిద్దండి.

జోహార్. జై ఆదివాసీ.

మీ హాస్టల్ బైపీసీ, బీజెడ్‌సీ బ్యాచ్